కీమో నీరసానికి ఊపిరి, పాట ఎంతవరకు పనికొస్తాయి? ఖమ్మం నుంచి అమ్మ కోసం అడిగిన అమ్మాయికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మకు 56 ఏళ్లు, రొమ్ము కేన్సర్. ఆపరేషన్ అయ్యాక 21 రోజులకోసారి హైదరాబాద్ తీసుకొచ్చి కీమో ఎక్కిస్తున్నారు. 'ఎర్ర మందు' మూడోసారి అయింది. వాంతులు పెద్దగా లేవు, కానీ మంచం దిగడం లేదు. "ఎంత పడుకున్నా తీరుతలేదు బిడ్డా" అంటున్నారు. బంధువులు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాయామం వీడియోలు, కేన్సర్‌ను తగ్గించే రాగాలంటూ సంగీతం వీడియోలు పంపుతున్నారు. వీటిలో ఏది చేయించాలి, ఏది చేయించకూడదు, ఎంతసేపు అని అడిగారు. పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్లు ఏవి అని కూడా అడిగారు.

నేను డాక్టర్ని కాను. 19 ఏళ్లుగా కీమో డే-కేర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. మధ్యలో మా పెద్దక్కకు ఇదే జబ్బు వచ్చింది, ఆరు నెలలు ఇంట్లో ఆమె పక్కనే ఉన్నాను. వార్డులో నేర్చుకున్నదాని కంటే ఆ ఆరు నెలల్లో నీరసం గురించి ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఊపిరి వ్యాయామాలు, పాట రెండూ ఈ నీరసాన్ని కొంత తగ్గిస్తాయి. ఆ కొంత చాలా విలువైనది. మంచం మీద ఉన్న మనిషి లేచి నాలుగడుగులు వేయడానికి అవి ఆసరా అవుతాయి. కానీ ఏ రాగమూ గడ్డను కరిగించదు, ఏ ప్రాణాయామమూ కీమోకు బదులు కాదు. అలా చెప్పే వీడియోలు వస్తే అమ్మ ఫోన్‌లోంచి తీసేయండి. వాటి వల్ల పెద్ద నష్టం ఏమిటంటే, నీరసం తగ్గకపోతే "నేను సరిగా చేయలేదేమో" అని మనిషి తన మీదే తప్పు వేసుకుంటుంది. ఆ మాట మా వార్డులో ఎన్నిసార్లు విన్నానో.

ఇది మామూలు అలసట కాదు. పొలం పని చేసి వచ్చిన అలసట ఒక రాత్రి నిద్రతో తీరుతుంది. కీమో నీరసం చేసిన పనికి సంబంధం లేకుండా వస్తుంది, నిద్రపోయినా పోదు. పళ్లు తోముకుని వచ్చి కూర్చుంటే కొండెక్కినట్టు ఉంటుంది. కాళ్లు బరువు, తల దిమ్ము, మాట్లాడాలన్నా విసుగు. ఇంట్లోవాళ్లకు అది బద్ధకంలా, దిగులులా కనిపిస్తుంది. మీకు అలా అనిపించి ఉంటే మీ తప్పు కాదు, నర్సునై ఉండి నాకూ మా అక్కను చూస్తే మొదట్లో అలాగే అనిపించింది.

ఊపిరి, పాట మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. నీరసానికి మందుతో సరిచేయగల కారణం ఏదైనా ఉందేమో డాక్టరుగారిని అడగాలి. ప్రతి కీమో ముందు రక్తపరీక్ష చేస్తారు కదా, ఆ రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి. రక్తం తగ్గితే ఎన్ని ప్రాణాయామాలు చేసినా ఒళ్లు లేవదు. థైరాయిడ్ ఎప్పుడు చూశారో కనుక్కోండి. నొప్పి ఉందా, రాత్రి నిద్ర పడుతోందా, తిండి ఎంత దిగుతోంది, నీళ్లు ఎన్ని తాగుతున్నారు, మనసు బాగా కుంగిపోయిందా, ఇవన్నీ నీరసంగానే బయటపడతాయి. ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్, కొందరిలో గుండె మీద ప్రభావం చూపుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు గుండెకు ఎకో తీయిస్తారు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా, పాదాలు వాస్తున్నా అది నీరసం ఖాతాలో వేయకండి, వెంటనే చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం, 100.4 డిగ్రీల జ్వరం, వీటిలో ఏది వచ్చినా రాత్రి ఒంటి గంటైనా ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం వచ్చిన మనిషితో ఊపిరి వ్యాయామం చేయిస్తూ కూర్చుని, ఆలస్యంగా తీసుకొచ్చినవాళ్లను చూశాను.

డాక్టరుగారికి "చాలా నీరసంగా ఉంది" అంటే "కీమోలో మామూలే" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అందుకని అంకె చెప్పండి. సున్నా అంటే అసలు నీరసం లేదు, 10 అంటే ఇంతకంటే ఉండదు అన్నంత. రోజూ సాయంత్రం అమ్మను ఒక అంకె అడిగి నోటుబుక్కులో రాయండి. 4కి చేరిందంటే డాక్టరు పట్టించుకోవాల్సిన నీరసం, 7కి చేరితే తీవ్రమైనది. "పోయిన కీమో తర్వాత తొమ్మిది రోజులు 7కి తగ్గలేదు సార్" అంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఆ నోటుబుక్కు ఇంకో పని కూడా చేస్తుంది. కీమో నీరసానికి ఒక తీరు ఉంటుంది, అది అందులో కనిపిస్తుంది. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల మొదటి రెండు రోజులు చాలామంది హుషారుగానే ఉంటారు, నిద్ర మాత్రం సరిగా పట్టదు. ఆ మాత్ర ఆగిన మర్నాడు ఒక్కసారిగా కూలబడతారు. మూడో రోజు నుంచి ఐదారు రోజుల దాకా గడ్డుకాలం. తెల్ల కణాల కోసం ఇంజెక్షన్ చేసి ఉంటే నడుము, ఎముకలు పీకడం కూడా దీనికి తోడవుతుంది. రెండో వారంలో కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోతాయి. మూడో వారం కాస్త తేరుకుంటారు, ఈలోగా మళ్లీ కీమో. మీ అమ్మగారిది సరిగ్గా ఇలాగే ఉండకపోవచ్చు. నాలుగోదానికి వెళ్లేలోపు ఆమె తీరు ఏమిటో మీకు తెలిసిపోతుంది. ఏ రోజు ఏం అడగాలి, ఏ రోజు ఏమీ అడగకూడదు అన్నది దాన్నిబట్టే.

ఇక ఊపిరి.

అమ్మను మంచం మీద చదునుగా కాకుండా, వీపు వెనక రెండు మూడు దిండ్లు పెట్టి వాల్చి కూర్చోబెట్టండి. మోకాళ్ల కింద ఒక దిండు. ఆపరేషన్ కానివైపు చెయ్యి బొడ్డు మీద పెట్టుకోమనండి. ముక్కుతో నెమ్మదిగా పీల్చినప్పుడు ఆ చెయ్యి పైకి లేవాలి, వదిలినప్పుడు దిగాలి. ఛాతీ ఎగరకూడదు. ఆపరేషన్ అయినవైపు చర్మం లాగినట్టుంటే అంతవరకే ఆపాలి, బలవంతంగా నింపకూడదు. మొదట్లో మూడు లెక్కపెట్టేదాకా పీల్చి, నాలుగు లెక్కపెట్టేదాకా వదలమనండి. వారం గడిచాక నాలుగు పీల్చి ఆరు వదలడానికి వస్తారు. ఒక లెక్క ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. మామూలుగా మనం కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 తీసుకుంటాం, అంటే ఇది అందులో సగం, లేదా అంతకంటే తక్కువ వేగం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. వదిలే వంతు పొడుగైతే ఒంటికి నెమ్మదించమని చెప్పినట్టవుతుంది. కీమోకు వెళ్లేవాళ్ల ఒళ్లు ఎప్పుడూ ఏదో దెబ్బ కాచుకుంటున్నట్టు బిగుసుకునే ఉంటుంది. ఆ బిగుతుకే సగం ఓపిక ఖర్చయిపోతుంది.

మధ్యలో ఊపిరి బిగబట్టడం వద్దు. ఐదు నిమిషాలు చాలు. పొద్దున లేచాక, మధ్యాహ్నం తిన్న గంటన్నరకి, రాత్రి పడుకోబోయే ముందు. ఐదు నిమిషాలు కుదరని రోజు పది ఊపిర్లు. అదీ కుదరకపోతే ఒదిలేయండి. "చేశావా అమ్మా, చేశావా" అని వెంటపడితే ఇంకో మాత్ర వేసుకున్నట్టే అవుతుంది.

రెండో పద్ధతి కదిలేటప్పుడు వాడేది. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు ముడిచి నెమ్మదిగా వదలడం. రెండడుగులు వేస్తూ పీల్చాలి, నాలుగడుగులు వేస్తూ వదలాలి. మంచం మీద నుంచి లేచేటప్పుడు, కమోడ్ మీద నుంచి లేచేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి వదులుతూ లేవాలి. చాలామంది లేచేటప్పుడు ఊపిరి బిగబడతారు, లేచాక కళ్లు తిరుగుతాయి. పొద్దున పక్కమీద నుంచి లేచి కూర్చుని, ఇలా ఐదుసార్లు ఊది, అప్పుడు కాళ్లు కింద పెట్టమనండి. ఈ చిన్న పనే మా వార్డులో చాలామందికి బాగా ఉపయోగపడింది. ఇది వ్యాయామంలా ఉండదు, అలవాటైపోతుంది.

చేయించకూడనివి చెప్తాను, వీడియోల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. కపాలభాతి, భస్త్రిక ఇప్పుడు వద్దు. పొట్ట ఎగదోస్తూ వేగంగా ఊపిరి కొడితే, రక్తం తక్కువగా ఉన్నవాళ్లకు కళ్లు తిరుగుతాయి. మా దగ్గరికి వచ్చే ఒకావిడ రెండో వారంలో, కౌంట్స్ బాగా పడి ఉన్నప్పుడు, కాలనీలో పెట్టిన యోగా తరగతికి వెళ్లారు. చెప్పినాయన మంచి మనసుతోనే అందరితో పాటు ఆమెతోనూ కపాలభాతి చేయించారు. లేచేటప్పుడు పడిపోయి తలకు దెబ్బ తగిలింది. ప్లేట్‌లెట్స్ తక్కువగా ఉన్న మనిషికి తల దెబ్బ అంటే ఎంత కంగారో చెప్పలేను. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కౌంట్స్ పడే రోజుల్లో పదిమంది కూర్చునే తరగతికి వెళ్లడమే వద్దు, జలుబున్న ఒక్కరు చాలు. ముక్కులో నీళ్లు పోసుకునే జలనేతి కూడా అప్పుడు వద్దు.

శీతలి, అంటే నాలుక దొన్నెలా చుట్టి చల్లగా గాలి పీల్చే పద్ధతి, నోట్లో పుళ్లు ఉన్నప్పుడు చేయించకండి. మీ అమ్మగారికి సంబంధం లేకపోయినా, ఇది చదివే మరొకరికి పనికొస్తుందని ఒక మాట రాస్తున్నాను. పెద్దపేగు కేన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ తీసుకునేవాళ్లు శీతలి అసలే చేయకూడదు. ఆ మందు తీసుకున్న రోజుల్లో చల్లగాలి గొంతుకు తగిలితే గొంతు పట్టేసి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినవాళ్లు, మెదడులో గడ్డ ఉన్నవాళ్లు, గొంతుకు గొట్టం వేసినవాళ్లు ఏ ఊపిరి వ్యాయామమైనా డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగాకే మొదలుపెట్టాలి. వేళ్లు చిమచిమలాడుతుంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఊపిరి మరీ ఎక్కువగా, వేగంగా తీసుకున్నా వస్తుంది, ఆపితే కాసేపటికి పోతుంది. అలా పోకపోతే మందు వల్ల నరాల మీద వచ్చిన ప్రభావం కావచ్చు. ఎర్ర మందు తర్వాత పాక్లిటాక్సెల్ ఇస్తే ఇది చాలామందికి వస్తుంది, తప్పకుండా డాక్టరుకు చెప్పాలి.

"దీనికి రుజువేమైనా ఉందా?" అని మీ అన్నయ్య అడిగారని రాశారు. న్యాయమైన ప్రశ్నే. మణిపాల్‌లో రొమ్ము కేన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 160 మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేసి 2015లో ప్రచురించారు. ప్రాణాయామం చేసినవాళ్లలో నీరసం తక్కువగా కనిపించింది. అంతకుముందు 2012లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, కీమో తీసుకుంటున్న 16 మందితో ఒక చిన్న అధ్యయనం జరిగింది. ఎంత ఎక్కువ సాధన చేస్తే నిద్ర, ఆందోళన అంత మెరుగయ్యాయి. పదహారు మంది అంటే చాలా తక్కువ, దాని మీద పెద్ద మాటలు చెప్పలేం. సంగీతం మీద మాత్రం చాలా పని జరిగింది. కోక్రేన్ సంస్థ 2021లో 81 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 5,576 మంది కేన్సర్ రోగుల వివరాలను కలిపి చూసింది. ఆందోళన, దిగులు, నొప్పి తగ్గడానికి సంగీతం సాయపడుతుందని, నీరసం మీద కూడా చిన్నపాటి ప్రభావం ఉందని తేల్చింది. సాక్ష్యం అంత గట్టిగా లేదని కూడా వాళ్లే రాశారు. అన్నయ్యకు ఇంకొకటి చెప్పండి: అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన సూచనల్లో, చికిత్స సమయంలో వచ్చే నీరసానికి సిఫారసు చేసినవాటిలో వ్యాయామం ముందుంది. అందుకే ఊపిరినీ పాటనూ నేను నడక దగ్గరికి తీసుకెళ్లే దారిగా చూస్తాను. అవి చేసి మళ్లీ పడుకుంటే సగం లాభమే.

పాట విషయానికి వస్తే, చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే. పాట ఎవరిది అన్నది ఇంట్లోవాళ్లు నిర్ణయిస్తారు. జబ్బు మనిషి కాబట్టి భక్తి పాటలు, వీణ, వేణువు పెట్టేస్తారు. మా వార్డుకు ఒక పెద్దాయన వచ్చేవారు, ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. కొడుకు ఫోన్‌లో రోజూ స్తోత్రాలు పెట్టేవాడు, ఈయన కళ్లు మూసుకుని పడుకునేవారు. ఒకరోజు సెలైన్ మారుస్తూ "మీకేం ఇష్టం తాతా?" అంటే, "పౌరాణిక నాటకాలమ్మా, పద్యాలు" అన్నారు. కొడుక్కి ఆ సంగతే తెలియదు. మర్నాటి నుంచి పద్యాలు. హార్మోనియం మీద రాగం తీస్తుంటే పెద్దాయన కూడా లోపల్లోపల రాగం తీసేవారు. ఆయనకు తెలియకుండానే పది పన్నెండు సెకన్ల పాటు ఊపిరి వదిలేవారు. నేను నేర్పిన నాలుగు–ఆరు లెక్క ఆయన ఒక్కరోజు కూడా చేయలేదు. చేయాల్సిన అవసరమూ రాలేదు.

నీలాంబరి నిద్రకు, ఆనందభైరవి ప్రశాంతతకు అని పట్టికలు తిరుగుతుంటాయి. నీలాంబరి మన జోలపాటల రాగం, చిన్నప్పుడు విన్నవాళ్లకు అది హాయిగా ఉండటం సహజం. విననివాళ్లకు అది ఇంకో రాగం, అంతే. మనిషి జీవితంలో ఉన్న పాటే పనిచేస్తుంది. చర్చిలో పెరిగిన మనిషికి కీర్తన, దర్గాకు వెళ్లే మనిషికి ఖవ్వాలీ, రేడియో పక్కన వంట చేసిన మనిషికి పాత సినిమా పాట. నేను చూసేది వేగం ఒక్కటే. పడుకోబోయే ముందు నెమ్మది పాట, అంటే గుండె కొట్టుకునే వేగానికి దగ్గరగా ఉండేది. నడిచేటప్పుడు కాస్త ఊపున్న పాట.

పాట అయ్యాక రెండు నిమిషాలు ఏమీ వినిపించకుండా ఉంచండి. ఇటలీలో 2006లో చేసిన ఒక పరిశోధనలో రకరకాల సంగీతం వినిపిస్తూ, మధ్యలో రెండు నిమిషాలు నిశ్శబ్దం ఉంచి చూశారు. ఆ నిశ్శబ్దంలో రక్తపోటు, గుండె వేగం సంగీతం మొదలవకముందు ఉన్నదానికంటే కూడా కిందికి దిగాయి. అది ఆరోగ్యవంతుల మీద చేసింది, కానీ వార్డులో నేను చూసిందీ అదే. పాట ఆగాకే మనిషి వదులవుతుంది. రాత్రంతా ఫోన్ మోగుతూ ఉంటే ఆ లాభం పోతుంది, నిద్రా చెడుతుంది.

మా అక్క విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఆమెకు ప్రాణమైన పాత పాటలు ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ పెట్టాను. మొదటి రెండుసార్లు బాగానే ఉంది. తర్వాత ఇంట్లో ఆ పాట మొదలైతే చాలు, కడుపులో తిప్పేది. కీమో వాసన, కీమో కుర్చీ, కీమో రోజు తిన్న ఇడ్లీ వికారంతో ముడిపడిపోయినట్టే పాట కూడా ముడిపడిపోయింది. చికిత్స అయిపోయిన రెండేళ్లకు కూడా రేడియోలో అది వస్తే స్టేషన్ మార్చేది. అందుకని అమ్మకు బాగా ఇష్టమైన పాటలు ఇంటికోసం దాచండి. ఆసుపత్రిలో వాటికి సంబంధం లేనివి పెట్టండి. హరికథ, బుర్రకథ, నాటకం, ఎవరైనా చదివే కథ, ఏదైనా సరే. తర్వాత అవి నచ్చకుండా పోయినా నష్టం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. "అమ్మ మా వాడలో బతుకమ్మ పాటలు ఎత్తేది, ఇప్పుడు ఆ ఊసే లేదు" అని రాశారు. నా మొత్తం జవాబు దాని చుట్టూనే కట్టొచ్చు.

పాట పాడటమంటే ఊపిరిని పొదుపుగా, పొడుగ్గా వదలడమే. బతుకమ్మ పాట కట్టుబడే దీనికి సరిపోయేలా ఉంటుంది. ఒకరు చరణం ఎత్తుతారు, చివర 'ఉయ్యాలో' అని సాగదీస్తారు, మిగతావాళ్లు అందుకుంటారు. వాళ్లు అందుకున్నంతసేపూ ఎత్తినావిడకు ఊపిరి తీసుకునే తీరిక. ఆ అందుకునే వంతులోనే విశ్రాంతి ఉంది. ఇటలీ పరిశోధకులే 2001లో ఒక విషయం కనిపెట్టారు. కేథలిక్కులు లాటిన్‌లో జపమాల చెప్పేటప్పుడు సగం గురువు చెప్తే సగం జనం అందుకుంటారు. అలా చెప్పినప్పుడు ఊపిరి నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. మన దేశపు మంత్రంతో చూసినా అంతే. ఇది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బతుకమ్మే.

కాబట్టి ఇలా చేసి చూడండి. అమ్మ దిండ్లకు వాలి కూర్చున్నప్పుడు మీరు పక్కన కూర్చుని పాట మీరే ఎత్తండి. తప్పులు పోతే పోనివ్వండి, అమ్మ సరిచేయడానికైనా నోరు విప్పుతుంది. ఆమెను పాడమని అడగొద్దు. 'ఉయ్యాలో' దగ్గర నోరు మూసుకుని "మ్‌మ్" అని అందుకుంటే చాలు. అదే భ్రామరి, తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే ప్రాణాయామం. చెవులు మూసుకునే అవసరం లేకుండా, పేరు చెప్పకుండా చేసిన భ్రామరి. నాలుగైదు రోజులకు వంతు మార్చండి, ఆమె ఎత్తాలి, మీరు అందుకోవాలి. ఆమె ఊపిరి తీసుకోవడం అయ్యేదాకా మీ వంతు సాగదీయండి. రెండు మూడు చరణాలతో ఆపేయండి, గొంతు ఎండితే గోరువెచ్చని నీళ్లు. నోట్లో పుళ్లు ఉన్న రోజు మీరు పాడండి, ఆమె వింటుంది.

తేరుకున్న రోజుల్లో, అంటే మూడో వారంలో, అదే పాటను నడకకు వాడండి. నిమిషాల లెక్క చూసుకుంటూ నడిస్తే ఎప్పుడవుతుందా అనిపిస్తుంది. పాటను కొలతగా పెట్టుకుంటే తెలియదు. సగం పాట అయ్యేదాకా వసారాలో అటు, మిగతా సగానికి ఇటు. కూర్చోవాలి. మళ్లీ సాయంత్రం ఒకటి. అలా రోజుకు రెండు మూడు పాటల దాకా రానివ్వండి. అమ్మలాంటివాళ్లతో వచ్చే చిక్కేమిటంటే, కాస్త బాగున్న రోజు ఇల్లంతా సర్దేస్తారు, పప్పు రుబ్బేస్తారు. మర్నాడు, ఆ మర్నాడు మంచమే. ఎండాకాలం బోరు ఎలా వాడతామో అలా వాడాలి ఒంటిని. ఏకబిగిన నడిపితే గంటకే ఎండిపోతుంది. కాసేపు నడిపి ఆపి, ఊరనిచ్చి మళ్లీ నడిపితే రోజంతా నీళ్లు వస్తాయి. నీరు ఉన్నప్పుడే ఆపాలి, ఎండేదాకా కాదు. చేతులెత్తి చప్పట్లు కొట్టాలని ఆమెకు అనిపిస్తే భుజం ఎత్తుదాకానే, అంతకుమించి ఫిజియోథెరపిస్టు చెప్పినంతే.

పగలు పడుకోవడం పూర్తిగా మాన్పించకండి, కానీ మధ్యాహ్నం ఒక్కసారి, అరగంట, ముప్పావుగంట. సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. రాత్రి నిద్ర పట్టడం లేదంటే డెక్సామెథసోన్ ఏ వేళకు వేస్తున్నారో చూడండి, పొద్దునకు మార్చవచ్చేమో డాక్టరుగారిని అడగండి.

తర్వాత రేడియేషన్ ఉంటుందని చెప్పారా? ఆ నీరసం తీరు వేరు. మొదటి వారం ఏమీ తెలియదు, రోజురోజుకూ పేరుకుంటూ చివరి వారాల్లో ఎక్కువవుతుంది, అయిపోయాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. "రేడియేషన్ అయిపోయింది కదా, ఇంకా ఏంటి" అని ఎవరూ అనకుండా ముందే చుట్టాలకు చెప్పి ఉంచండి. ఊపిరి, పాట, నడక అప్పటికి అలవాటై ఉంటే ఆ వారాలు తేలిగ్గా గడుస్తాయి. ప్రతిసారీ బల్ల మీద కదలకుండా పడుకోవాల్సిన ఆ కొన్ని నిమిషాలకు కూడా ఊపిరి లెక్క బాగా పనికొస్తుంది. అక్కడ టెక్నీషియన్ ఊపిరి ఎలా తీసుకోమని చెప్తే అలాగే తీసుకోవాలి, మన లెక్క వారు ఏమీ చెప్పనప్పుడే.

హెడ్‌ఫోన్ల సంగతి. కొనకండి. జుట్టు రాలే రోజుల్లో మాడు సలుపుతుంది, తల మీద బరువు పెట్టనివ్వదు. ఇంట్లో ఫోన్ స్పీకరు చాలు, శబ్దం తక్కువలో. ఆసుపత్రిలో పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా ఉండటానికి మామూలు ఇయర్‌ఫోన్ ఒకటి, ఆమెకు మాత్రమే వాడేది, తుడిచి పెట్టుకునేది. ఒక చెవికే పెట్టండి, నర్సు పిలిస్తే వినపడాలి, సూది దగ్గర మంటగా ఉంటే ఆమె మీకు వెంటనే చెప్పగలగాలి. ఎర్ర మందు ఎక్కేటప్పుడు చెయ్యి మండితే క్షణం ఆలస్యం చేయకుండా పిలవాలి. సిస్‌ప్లాటిన్ తీసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మందు వినికిడిని దెబ్బతీయగలదు కాబట్టి శబ్దం ఇంకా తక్కువ పెట్టుకోండి, చెవుల్లో గుయ్యిమంటే డాక్టరుకు చెప్పండి.

మూడో కీమో అయి ఎన్ని రోజులైందో మీరు రాయలేదు. ఇంకా మొదటి వారమే అయితే ఈ రెండు రోజులు నోటుబుక్కులో అంకె రాయడం, లేచేటప్పుడు పెదాలు ముడిచి ఊదడం, అంతే చేయించండి. పాట మాత్రం ఈ సాయంత్రమే మీరు ఎత్తొచ్చు, ఆమె అందుకోకపోయినా సరే.